వెనక గుమ్మంలోంచి వచ్చిన చేప

ఏలూరు,
ఫిబ్రవరి, 1957.

శ్రీవారి పాదాలకు నమస్కరించి గంగారత్నం రాస్తున్నది.

ఇక్కడ నేను, కడుపులో మీ బిడ్డ, గాజుతొట్టెలో మీ చేపలు అందరం క్షేమం. మా నాన్నా, లంకలో మా అమ్మా, వెంకటనరసమ్మ అత్తయ్యా కులాసాగానే ఉన్నారు. కలకత్తాలో మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం ఆఖరిదాకా చదివాక కూడా అలాగే ఉంటే ఇంకా సంతోషం. దీన్ని ట్రైనింగు క్లాసులో కూర్చుని చదవకండి. భోజనం చేసి, గది తలుపు దగ్గరగా వేసుకుని చదవండి. జవాబు మాత్రం పాత అడ్రసుకి రాయొద్దు. ఎందుకో చెబుతాను గాని, ముందు మీరడిగిన వాటికి జవాబులు చెప్పనివ్వండి. లేకపోతే అడిగింది వదిలేసి కోపాలకు దిగానని మళ్ళీ నా మీదకే తోస్తారు.

"ఒంట్లో ఎలా ఉంది?" అని ఒక్క ముక్క అడిగారు. బాగానే ఉంది. వేవిళ్ళు తగ్గాయి. నోటికి మాత్రం ఏదీ సహించడం లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఇంట్లో దాని పేరెత్తకూడదనీ తెలుసు. కొల్లేట్లో పుట్టినదాన్ని, ఏలూరులో కాపురం పెట్టినప్పటి నుంచీ మొన్నటిదాకా చేపల పులుసు వాసన చూడలేదంటే మా అమ్మ నమ్మదు. ఇంటిగలావిడ లక్ష్మీకాంతంగారు నీచు ముట్టరు. అద్దెకుండేవాళ్ళు కూడా వండకూడదన్నారు. సరే, వాళ్ళ ఇల్లు, వాళ్ళ కట్టుబాటు. దాని మీద నాకు కోపం లేదు. నా కోపం వేరే ఉంది. అక్కడికే వస్తున్నాను.

అదే ఉత్తరంలో తొట్టెలో వేసే చేపకి నోరెలా ఉండాలో అరపేజీ రాశారు. నోరు కిందివైపు ఉండాలిట. పెదవులు రాతికి అతుక్కునేలా ఉండాలిట. ఎంత ఎదిగినా వేలెడంత దాటకూడదుట. తోటి చేపల మీద పడి కరవకూడదుట. పాచి తప్ప దేనికీ ఆశపడకూడదుట. మా నాన్న నాకు సంబంధం చూసేటప్పుడు ఇందులో సగం విచారణ చేసి ఉంటే ఈవేళ ఈ ఉత్తరం రాసే అవసరం నాకు ఉండేది కాదు.

తొట్టె సంగతి అడిగారు గనక మొదటి నుంచీ చెబుతాను. ఎగ్జిబిషన్ అయిపోయాక మీ చేపల శాఖ ఆఫీసులో మూలన పడేసిన గాజుతొట్టెని "గంగా, నీకు కాలక్షేపంగా ఉంటుంది" అంటూ రిక్షాలో తెచ్చి, కిటికీ పక్క బల్ల మీద పెట్టింది మీరు. అందులో పరిగెపిల్లల్ని వేసి, నీటిమొక్క నాటి, ట్రైనింగు ఆర్డరు రాగానే కలకత్తా మెయిలెక్కిందీ మీరే. ఇంట్లోకి చేపలొచ్చాయని తెలిసి లక్ష్మీకాంతంగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వస్తే, "మత్స్యావతారం అండీ, చూసి దణ్ణం పెట్టుకోండి" అన్నారు మీరు. మీ తెలివికి అప్పుడు నేను కూడా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నిజంగానే దణ్ణం పెట్టుకున్నారు.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఆ తొట్టే లోకం. పొద్దున్నే స్నానం చేసి వచ్చి గాజుకి పసుపు కుంకం బొట్టు పెడతారు. గుప్పెడు మరమరాలు నీళ్ళలో వేస్తారు. "తినండర్రా, తినండి" అంటూ మధ్యాహ్నం మళ్ళీ ఒక గుప్పెడు. వద్దని చెప్పలేను గదా, ఇంటావిడ. చేపలు తిన్నంత తిని మిగిలింది అడుగున కుళ్ళేది. దానికి తోడు కిటికీలోంచి ఎండ. గాజు నిండా పాచి పట్టి తొట్టె అరిటాకు కట్టినట్టు తయారైంది. కొబ్బరిపీచుతో ఎంత తోమినా తెల్లారేసరికి మళ్ళీ పచ్చగా ఉండేది. నడుం వంచితే కడుపు అడ్డొస్తోంది, తోమకపోతే ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంటారు. "దేవుడు కనపడ్డంలేదమ్మా గంగా" అంటారు.

మీ ఆఫీసు సత్తిబాబు గారికి చెబితే సీసాలో శీలావతి పిల్లల్ని తెచ్చారు. "ఇవి పాచి తింటాయి అక్కగారూ, మా ఆఫీసు పుస్తకంలో కూడా ఉంది" అన్నారు. తిన్నాయి, కాదనను. కాని అవి చెరువుల్లో ఈదాల్సినవి. ఈ గోడ నుంచి ఆ గోడకి కొట్టుకోవడమే సరిపోయింది వాటికి. ఒకటి ఎగిరి కింద గచ్చు మీద పడి కొట్టుకుంటుంటే లక్ష్మీకాంతంగారు "గంగమ్మ తల్లీ, గంగమ్మ తల్లీ" అంటూ కళ్ళు మూసుకున్నారు. ఎత్తి నీళ్ళలో వేసింది నేను. ఆ పిల్లల్ని కాలవలో వదిలేయించాను. తరవాత బజార్లో చేపలమ్మే సూరమ్మని అడిగితే "నత్తలెయ్యమ్మా, నున్నగా నాకేత్తాయి" అంది. గాజు నాకాయి, దాంతోపాటు మీరు నాటిన మొక్కని కాడతో సహా మేశాయి. ఎవరో జెల్లపిల్ల మంచిదన్నారు. అది పాచి జోలికే వెళ్ళలేదు గాని, అన్నిటికంటే చిన్న పరిగె కనపడకుండా పోయింది. మీసాలు మాత్రం అమాయకంగా ఊపుతూ ఉండేది. దాన్నీ సాగనంపాను.

చేపల మధ్య పుట్టి పెరిగినదానివి, ఆమాత్రం తెలియదా అని రాశారు. తెలియదండీ! మా నాన్నకీ తెలియదు. మా లంకలో ఎవరికీ తెలియదు. ఏ చేప ఏ నెలలో ఎక్కడ పడుతుందో చెబుతాం. దేన్ని వేపుడు చెయ్యాలో, దేన్ని పులుసు పెట్టాలో చెబుతాం. ఆ బురదనీళ్ళ అడుగున అది కూర్చుని ఏం తింటోందో ఎవరు చూశారు? వలలో పడ్డాక గదా మాకు దాని మొహం కనపడేది. అంచేత, వాగుల్లో రాళ్ళకు అతుక్కుని పాచి నాకే చిన్న చేప ఉంటుందని, అలాంటివి రెండు దొరికితే చిన్న తొట్టెకి చాలునని మీరు రాసినప్పుడు, నిజం చెబుతున్నాను, గర్వంగానే అనిపించింది. కాని కొల్లేట్లో రాయెక్కడుందండీ? దోనె కట్టెయ్యడానికి కూడా గుంజ పాతుకుంటాం గాని, మాకు రాయన్నది తెలియదు.

చింతలపూడి అవతల వాగుల్లో ఉండొచ్చని సత్తిబాబు గారు అన్నారు. నేను సూరమ్మ చేత మా నాన్నకి కబురు పెట్టాను. వాగు చేప దొరుకుతుందేమో ఎవరినైనా కనుక్కోమని మాత్రమే చెప్పించాను. ఆయనే వెళతారని నేననుకోలేదు.

ఇక్కడ కాస్త ఆగి వేరే సంగతి చెప్పాలి. ఇల్లు అద్దెకి అడిగేటప్పుడు మనది ఏ ఊరని లక్ష్మీకాంతంగారు అడిగితే, "తాడేపల్లిగూడెం దగ్గరండీ, వరిపొలాలున్నాయి" అన్నారు మీరు. నేను మీ వెనకే ఉన్నాను. నోరు తెరవలేదు. అంతకు ముందు ఎన్ని ఇళ్ళు తిరిగామో, లంక పేరు చెప్పగానే ఎన్ని చోట్ల "ఇప్పుడే ఇంకొకళ్ళకి మాటిచ్చామండీ" అన్నారో నాకు గుర్తే. అప్పుడు మీ మొహం చూశాను. అందుకే ఊరుకున్నాను. కాని మీరు ఒక్కసారి ఆ అబద్ధం చెప్పి రైలెక్కారు. దాన్ని రోజూ పోషించింది నేను! ఆవిడ తాంబూలం వేసుకుంటూ "మీ పొలం ఊడ్పులయ్యాయా?" అంటారు. లేని పొలానికి నీళ్ళు పెట్టాను. లేని చేనుకి కలుపు తీయించాను. కోతల వేళకి ఇక నావల్ల కాక పంటంతా ఎలకలు కొట్టేశాయని చెప్పాను. ఆవిడ పాపం రెండు రోజులు నన్ను ఓదార్చారు. సిగ్గుతో చచ్చిపోయాను.

పోనీ, అదీ భరించాను. ఇక భరించలేనిది వినండి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం పెరట్లో లక్ష్మీకాంతంగారు వడియాలు పెడుతుంటే పక్కన కూర్చుని పిండి అందిస్తున్నాను. పెరటి తలుపు అవతల నుంచి ఎవరో పిలిచారు.

"అమ్మగారండీ! సేపపిల్లల్ని తెచ్చానండి."

ఆ గొంతు నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ దోనె మీంచి నన్ను "ఒసే గంగా" అని కేకేసిన గొంతు. ఆ మాటలే ఆ గొంతువి కావు. లేచి చూసేసరికి తలుపు బయట మా నాన్న. తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. మెడకి గుడ్డతో వేలాడదీసుకున్న మట్టికుండలో కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచి ఉంది. ఎడంచేతిలో మూతకట్టిన గిన్నె. నా మొహం వైపు చూడడు. నా పాదాలకేసి చూస్తున్నాడు.

"వచ్చాడమ్మా నీ చేపలవాడు" అన్నారు లక్ష్మీకాంతంగారు సంబరంగా. "ఏదీ, ఇలా చూపించవయ్యా. ఆ చెయ్యి తియ్యి మరి!"

"తీత్తే సచ్చిపోతాయండి. పారే నీళ్ళలోయండి ఇవి. దారి పొడుగూతా ఇలాగ నీళ్ళు సిలుకుతానే వచ్చానండి."

చింతలపూడి నుంచి ఏలూరు దాకా బస్సులో కుండ ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి ఆపకుండా కదుపుతూ వచ్చాడటండీ. ఒకసారి చెయ్యి పైకి తీసి చూపించాడు. నానిపోయి తెల్లగా, ముడతలు పడి, ఎవరి చెయ్యో అన్నట్టు ఉంది. ఇంకా చెప్పనా? చింతలపూడి బస్సు పట్టుకోవడానికి లంక నుంచి ఏలూరు రావాల్సిందే గదా. కూతురున్న ఊళ్ళో దిగి, కూతురి వీధి దాటి, కూతుర్ని చూడకుండా వెళ్ళాడు. ఆ సంగతి తరవాత తెలిసింది.

ఆవిడ కుండలోకి తొంగి చూసి "అబ్బ, రాళ్ళ రంగులో ఎంత ముద్దుగా ఉన్నాయో" అని మురిసిపోయారు. తరవాత కళ్ళు గిన్నె మీద పడ్డాయి. "అందులో ఏవిటయ్యా?"

"సేపల పులుసండి. మా ఇంటిది ఈ అమ్మగారికని..." అని, ఏదో పొరపాటు మాట అన్నట్టు ఆగిపోయాడు.

"ఛీ ఛీ! అవతల పెట్టవయ్యా దాన్ని! వాకిలి దాటించకు. ఆ కుండ మాత్రం జాగ్రత్తగా లోపలికి తీసుకురా."

నాన్న కుండకేసి చూశాడు. గిన్నెకేసి చూశాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అర్థం కాక అన్నాడు.

"రెండూ సేపలేనండమ్మా."

ఆ మాట వినేసరికి పెరటి తలుపు బార్లా తీశాను. "నాన్నా, లోపలికి రా" అన్నాను.

ఆయన ఏమన్నాడో తెలుసాండీ? భయంగా తల అడ్డంగా ఊపి, "నేను సేపలోణ్ణండి అమ్మగారూ, మీరు ఎవర్ని సూసి ఎవరనుకున్నారో" అన్నాడు. కన్నకూతుర్ని పట్టుకుని! నన్ను కాపాడుతున్నానని ఆయన ఉద్దేశం. నా కళ్ళల్లోకి చూసి, "ఊరుకో" అన్నట్టు కనుబొమలెత్తాడు. వెనక గుమ్మంలోంచి రమ్మనీ, "అమ్మగారూ" అని పిలవమనీ, ఊరికే రావొద్దనీ ఆయనకి నేర్పిందెవరో అప్పటికి నాకింకా తెలియదు. తెలిసి ఉంటే అక్కడే కూలబడేదాన్ని.

వెళ్ళి ఆ నానిన చెయ్యి పట్టుకున్నాను. "ఈయన మా నాన్నగారండీ పిన్నిగారూ. పేరు అంకయ్య. మాది కొల్లేటి లంక. తరతరాలుగా మా వాళ్ళు చేపలు పట్టి బతుకుతున్నారు. మా అత్తవారూ అంతే. మాకు తాడేపల్లిగూడెంలో పొలం లేదు, ఎప్పుడూ లేదు. ఆ పులుసు నాకోసం మా అమ్మ వండి పంపింది."

ఆవిడ చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. "మరి ఎలకలు కొట్టేశాయన్న పంట?"

అంత బాధలోనూ నవ్వొచ్చింది నాకు. "ఆ ఎలకలు కూడా లేవండి" అన్నాను.

వంటింట్లోంచి అన్నం కంచం తెచ్చుకుని పెరటి తలుపు బయట, గడప కింద మెట్టు మీద కూర్చున్నాను. వాళ్ళ గడప దాటించకూడదన్నారు, దాటించలేదు. నాన్న గిన్నె మూత విప్పాడు. మామిడికాయ ముక్కలు వేసి పెట్టిన కొర్రమీను పులుసు. నాన్న పక్కనే గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి కుండలో కదుపుతూ, రెండో చేత్తో ముక్కలు ఏరి నా కంచంలో వేశాడు. వెనక సందులో పోయేవాళ్ళు చూశారు. చూడనీ అనుకున్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా నేనూ ఏడుస్తూనే తిన్నాను, ఆయనా ఏడుస్తూనే వడ్డించాడు.

అప్పుడడిగాను, "నన్ను అమ్మగారని ఎందుకన్నావు నాన్నా?" అని. నా మీద ఒట్టు పెట్టాక చెప్పాడు. మీరు కలకత్తా వెళ్ళే ముందు లంకకి వచ్చి, దోనె మీంచి మా ఇంటి గట్టెక్కకుండానే చెప్పి వెళ్ళారటగా! "ఎప్పుడైనా రావలసి వస్తే వెనకవైపు నుంచి రండి. పిలుపు కూడా జాగ్రత్త" అన్నారటగా! "అల్లుడుగారు మన మంచికే అన్నారమ్మా, ఆయన్నేం అనకు" అని మిమ్మల్ని వెనకేసుకొచ్చాడు కూడా.

ఏమండీ, మీరు చదువుకున్నవారు. ఇల్లు దొరక్క అబద్ధమాడారు, ఒప్పుకుంటాను. ఆ అబద్ధం మీ నోట్లో ఉంచుకోండి. కట్టుకున్నదాన్ని గనక నా నోట్లోనూ పెట్టారు, పోనివ్వండి. మా నాన్న నోట్లో ఎలా పెట్టారండీ? పిల్లనిచ్చిన మనిషి చేత కూతుర్ని "అమ్మగారూ" అనిపించడానికి మీకు మనసెలా ఒప్పింది? రేపు నా బిడ్డ పుట్టి నడక నేర్చాక, పెరటి తలుపు దగ్గర నిలబడ్డ ముసలాయన ఎవరని అడిగితే, చేపలవాడని చెప్పమంటారా? ఆ తాతని ఆ బిడ్డ ఏమని పిలవాలో కూడా అరపేజీ రాయకపోయారా?

సాయంత్రం లక్ష్మీకాంతంగారు మా వాటాలోకి వచ్చారు. గట్టిగా ఒక్క మాట అనలేదు. ఆవిడ గొంతు ఎప్పుడూ వెన్నలాగే ఉంటుంది గదా. "నాకేం లేదమ్మా గంగా. నీ మీద కోపమేం లేదు. మా వాళ్ళంతా నలుగురూ నాలుగు మాటలంటారు. వేరే ఇల్లు చూసుకుందువుగాని, తొందరేం లేదు" అన్నారు. అలాగేనండీ అన్నాను. ఇంతవరకూ నేను ఎదురుచూసిందే. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "తొట్టె మాత్రం ఉంచి వెళ్ళమ్మా. అలవాటైపోయింది. అవి లేకపోతే ఇల్లు బోసిపోతుంది" అన్నారు.

చూశారా! చేపలు ఉండొచ్చు, చేపలవాళ్ళు ఉండకూడదు! పట్టినవాడి చెయ్యి మైల, పట్టుకొచ్చిన చేపకి పసుపు కుంకాలు! ఒళ్ళు మండిపోయింది. నేను మాత్రం ఏలూరులో నేర్చుకున్న మర్యాద మరిచిపోలేదు. "క్షమించండి పిన్నిగారూ. అవి మా వాళ్ళండీ. మాతోనే వస్తాయి" అన్నాను.

ఇప్పుడు మీకు చెప్పకుండా దాచిన సంగతి. ఈ ఉత్తరం ఆ ఇంట్లో కూర్చుని రాయడం లేదు. మర్నాడే ఖాళీ చేశాను. మీ జవాబు కోసం ఆగితే, "కొన్నాళ్ళు సర్దుకో గంగా" అని రాస్తారు, నేను సర్దుకుంటాను. నాకా భయం ఉంది. అందుకే అడగకుండా చేశాను. ఆ సంగతి మాత్రం నేనే మీకు చెప్పాలి గనక చెబుతున్నాను. తిట్టాలంటే తిట్టండి, వెనక్కి వెళ్ళమని మాత్రం అనకండి.

చేపలమ్మే సూరమ్మకి కాలవగట్టు మీద పెంకుటిల్లుంది. ముందు గది, వంటిల్లు మనకిచ్చింది. సత్తిబాబు గారు రిక్షా తెచ్చి సాయం పట్టారు. తొట్టె నీళ్ళు తోడేసి గాజు గుడ్డల్లో చుట్టాం. చేపల కుండ ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి లోపలే కదుపుతూ మా నాన్న రిక్షాలో నా పక్కన కూర్చున్నాడు. ఈసారి వెనక సందులోంచి కాదు, వీధి వెంబడి. బయలుదేరుతుంటే లక్ష్మీకాంతంగారు గబగబా వచ్చి మరమరాల పొట్లం నా చేతిలో పెట్టారు, చేపలకని. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ చెడ్డమనిషి కాదండీ. నా కోపం అంతా ఆవిడ మీదే పెట్టుకోవడానికి కుదరడం లేదు, అదే నా బాధ. మరమరాలు చేపలకి వెయ్యలేదు. మళ్ళీ పాచి పడుతుంది. నేనే తినేశాను.

తొట్టె ఇప్పుడు ఎండ పడని మూల బల్ల మీద ఉంది. వాగు చేపల్లో రెండు బతికాయి. మీరు చెప్పింది అక్షరాలా నిజం. గాజుకి నోరానించి అతుక్కుని, మెల్లగా పైకి పాకుతూ నాకుతాయి. వెనకాల వేలెడు మేర గాజు తెల్లగా తేలుతుంది. పరిగెల జోలికి పోవు. చేపని ఎంచడంలో మీరు ఏ పొరపాటూ చెయ్యలేదు.

మా నాన్న పొద్దస్తమానం దాని ముందే కూర్చుంటున్నాడు. "ఒసే గంగా, ఇన్నేళ్ళూ సేపని పైనుంచి సూశాను, సచ్చాక సూశాను. బతికున్నదాన్ని ఇలాగ ఎదురుగా ఎప్పుడూ సూళ్ళేదే. తింటా ఉంటే బుగ్గలెలా కదుల్తన్నాయో సూడు" అంటాడు. నేను గాజుకి ఇవతల కూర్చుని చూస్తే, ఆ చేప నాకి తుడిచిన దారిలో అవతల నాన్న మొహం కనపడుతుంది. మీరు తిరిగి వచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నాడు. మీరొస్తే ఉండకూడదేమోనని నిన్న నన్ను మెల్లగా అడిగాడు. అందుకని అసలు మాట రాస్తున్నాను.

జవాబు రాస్తారు గదా. పైన అడ్రసు ఇలా రాయండి: "మా మామగారు, కొల్లేటి లంక చేపల అంకయ్యగారి అమ్మాయి గంగారత్నం, సూరమ్మ ఇల్లు, కాలవగట్టు, ఏలూరు." మీ చేత్తోనే రాయండి. ఇక్కడి పోస్టుమాను వీధి గుమ్మంలో నిలబడి పైనున్నదంతా గట్టిగా చదివి గాని ఉత్తరం ఇవ్వడు. మా నాన్నకి చదవడం రాదు, వినడం వచ్చు. ముందు గుమ్మంలో ఆ అరుగు మీదే కూర్చుని ఉంటాడు. ఆ మాటలు లేని ఉత్తరం వస్తే నేను తీసుకోను.

ఇట్లు,
చేపల అంకయ్యగారి అమ్మాయి,
మీ భార్య,
గంగారత్నం.